గవర్నర్ పోటీలో మూడో అభ్యర్థి: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో గవర్నర్‌ది రాజ్‌భవన్ ఉద్యోగం కాదు. మన ముఖ్యమంత్రి చేసే పనే, కాకపోతే రాష్ట్రమంతా నేరుగా ఓటేసి ఎన్నుకుంటుంది. ఆ పదవికి రిపబ్లికన్, డెమోక్రటిక్ పార్టీలు కాక వేరేవాళ్ళు నిలబడినప్పుడు సంతకాలు సేకరించడం, వాటిని తనిఖీ చేయడం నేను చూసుకుంటాను. మనవాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో ఈ సంగతి చెబితే ముందు ఒక జాలిచూపు, తర్వాత ప్రశ్నలు. తరచూ వినిపించేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఫీజు కడితే ఎవరైనా నిలబడొచ్చు

మన దగ్గర అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా నిలబడాలంటే పదిమంది ప్రతిపాదకులు, పదివేల డిపాజిట్ ఉంటే సరిపోతుంది. ఇక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. వర్జీనియాలో 10,000 మంది నమోదైన ఓటర్ల సంతకాలు కావాలి. అందులో రాష్ట్రంలోని 11 కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) నియోజకవర్గాల నుంచి ఒక్కోదానికి కనీసం 400 ఉండాలి. వాషింగ్టన్ పక్కనున్న మెట్రో స్టేషన్ల బయట నిలబడి పదివేలూ తెచ్చేస్తామంటే కుదరదు. నైరుతి మూలనున్న కొండ ఊళ్ళకీ పోవాల్సిందే.

టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో, ఓటేసినవాళ్ళు ఇండిపెండెంట్ అభ్యర్థికి సంతకం పెట్టకూడదు. 2006లో అక్కడ ఇద్దరు ఇండిపెండెంట్లు చెరో 45,540 సంతకాలు రెండు నెలల్లో తేవాల్సి వచ్చింది. తెచ్చారు కూడా. న్యూయార్క్ 2020లో తన గీతను 15,000 నుంచి ఒక్కసారిగా 45,000కి పెంచేసింది. గడువు ఆరు వారాలే. ఫలితంగా 2022లో న్యూయార్క్ గవర్నర్ బ్యాలెట్ మీద మిగిలినవి రెండే పేర్లు. ఒకే అభ్యర్థి పేరు రెండు పార్టీల వరుసల్లో కనిపించే ఆచారం అక్కడుంది కాబట్టి బ్యాలెట్ నిండుగానే కనబడింది, మనుషులు మాత్రం ఇద్దరే.

సంఖ్య చేరితే పని అయిపోయినట్టు కాదు. అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ఇల్లు మారి ఓటరు జాబితాలో పాత అడ్రస్‌తోనే ఉన్నవాళ్ళు, ఒకే మనిషి రెండుసార్లు పెట్టినవి, పేరు చదవరాకుండా గీకినవి, సేకరించినవారి ప్రమాణపత్రంలో తేదీ తప్పిన కాగితాలు అన్నీ ఎగిరిపోతాయి. ఆ చివరి రకం మరీ బాధ, ఒక్క తేదీకి షీటంతా పోతుంది. అందుకే కావలసినదానికి సగం ఎక్కువ తెమ్మని మా వాళ్ళ వెంటపడుతుంటాను. అవతలి పార్టీ లాయర్లు ఒక్కో వరుసకీ అభ్యంతరం పెడతారు. పెట్టకపోతేనే ఆశ్చర్యం.

అపోహ: మూడో అభ్యర్థి ఓట్లు చీల్చి ఒకరిని ఓడిస్తాడు

ప్రజారాజ్యం రోజుల నుంచీ మనకు బాగా అలవాటైన మాట ఇది. కొన్నిసార్లు నిజమే కావచ్చు. కానీ ఎవరి ఓట్లు, ఎవరి నుంచి అన్నది గెలుపు తేడా చూసి తేల్చేయలేం.

2013 వర్జీనియానే తీసుకోండి. చిన్న ప్రభుత్వం కావాలనే లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థి రాబర్ట్ సార్విస్‌కు 6.5 శాతం వచ్చింది. డెమోక్రాట్ టెర్రీ మెకాలిఫ్ రెండున్నర శాతం తేడాతో గెలిచాడు. సార్విస్ లేకపోతే రిపబ్లికన్ గెలిచేవాడని ఆ రాత్రే గోల మొదలైంది. తీరా ఎగ్జిట్ పోల్‌లో ఇద్దరే పోటీలో ఉంటే ఎవరికి వేసేవారని అడిగితే అప్పుడూ మెకాలిఫ్‌దే పైచేయి. చిన్న ప్రభుత్వం కావాలనే పార్టీ ఓట్లన్నీ రిపబ్లికన్ ఓట్లే అనుకోవడం వల్ల వచ్చిన తంటా అది.

మెయిన్ రాష్ట్రంలో 2010లో జరిగింది ఇంకా బాగుంటుంది. రిపబ్లికన్ పాల్ లెపేజ్‌కు సుమారు 38 శాతం, ఇండిపెండెంట్‌కు 36, డెమోక్రాట్‌కు 19 వచ్చాయి. ఇప్పుడు చెప్పండి, ఓట్లు చీల్చింది ఎవరు? మూడో స్థానంలో ఉన్నది డెమోక్రాట్. అయినా నింద ఇండిపెండెంట్ మీదే వేశారు. అదే ఏడాది కొలరాడోలో రిపబ్లికన్ అభ్యర్థి 11 శాతం దగ్గర ఆగిపోయాడు. కాన్‌స్టిట్యూషన్ పార్టీ టికెట్ మీద నిలబడ్డ టామ్ టాంక్రెడో 36 దాటాడు. 10 శాతం కంటే తగ్గితే ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ప్రధాన పార్టీ హోదా పోతుంది. అంటే రిపబ్లికన్ పార్టీయే కొలరాడోలో చిన్న పార్టీగా మిగిలిపోయే ప్రమాదం నుంచి సుమారు ఒక్క శాతం తేడాతో బయటపడింది.

అపోహ: గెలవకపోతే అంతా వృథా

ప్రజారాజ్యానికి 2009లో సుమారు 16 శాతం ఓట్లు, 18 సీట్లు వచ్చాయి. గవర్నర్ ఎన్నికలో ఉండేది ఒక్క సీటు. 16 శాతం తెచ్చుకున్నా చేతికి వచ్చే పదవి ఏమీ ఉండదు. దక్కేది చట్టపరమైన హోదా. వర్జీనియాలో రాష్ట్రవ్యాప్త పోటీలో 10 శాతం వస్తే పార్టీకి గుర్తింపు దొరుకుతుంది, మళ్ళీ సంతకాల కోసం తిరగక్కర్లేదు. సార్విస్ దాన్ని అందుకోలేదు. న్యూయార్క్‌లో అప్పట్లో 50,000 ఓట్లు చాలు. 2018లో లారీ షార్ప్ 1.6 శాతంతో 95,000 ఓట్లు తెచ్చేసరికి లిబర్టేరియన్లకు అక్కడ మొదటిసారి ఆ హోదా వచ్చింది. రెండేళ్ళకే నిబంధన మార్చి, రెండేళ్ళకోసారి 1,30,000 ఓట్లు లేదా 2 శాతం, ఏది ఎక్కువైతే అది తెచ్చుకోవాలన్నారు. వచ్చిన హోదా పోయింది. నన్నడిగితే, మూడో పార్టీని ఓడించేది ఓటరు కంటే ముందు ఇలాంటి సవరణలే.

కాబట్టి మా అభ్యర్థి పోటీకి దిగేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఈ రాష్ట్రంలో ఎంత శాతానికి ఏం దొరుకుతుంది అనే. గెలుస్తామా అన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు.

అపోహ: జెస్సీ వెంచురా రెజ్లర్ కాబట్టి గెలిచాడు

1998లో మిన్నెసోటాలో రిఫార్మ్ పార్టీ తరఫున వెంచురా 37 శాతంతో గెలిచాడు. రిపబ్లికన్‌కు 34, డెమోక్రాట్‌కు 28. పేరున్న మనిషి అన్నది నిజమే. కానీ 2006 టెక్సస్‌లో పోటీ చేసిన గాయకుడు కింకీ ఫ్రీడ్‌మన్‌కూ పేరుంది, 12 శాతం దగ్గర ఆగిపోయాడు. వెంచురాకు రాష్ట్రం ఇచ్చిన సదుపాయాలు చూడాలి.

నాలుగేళ్ళ ముందు డీన్ బార్క్‌లీ అనే ఆయన అదే పార్టీ నుంచి, పార్లమెంటు పైసభ అయిన సెనేట్‌కు పోటీ చేసి ఓడిపోయాడు, కానీ 5 శాతం దాటాడు. దాంతో ఆ పార్టీకి ప్రధాన పార్టీ హోదా వచ్చింది. వెంచురాకు ఆ బాట సిద్ధంగా దొరికింది, డిబేట్లలోనూ చోటు దొరికింది. సార్విస్‌ను చివరి డిబేట్‌కు పిలవనే లేదు. తర్వాత, అభ్యర్థులకు మిన్నెసోటా ప్రభుత్వం ఎన్నికల నిధి ఇస్తుంది. వెంచురాకు రావలసింది 3 లక్షల డాలర్ల పైమాటే, కానీ అది చేతికొచ్చేది పోలింగ్ అయ్యాక. దాన్ని చూపించి బ్యాంకు అప్పు తెచ్చి చివరి వారాల్లో టీవీ ప్రకటనలు వేశారు. పోలింగ్ రోజునే ఓటరుగా నమోదు చేసుకునే వీలూ అక్కడుంది. ఆ ఒక్కరోజే మూడు లక్షల మందికి పైగా నమోదయ్యారు. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా ఆ ఫలితం వచ్చేదని నేననుకోను.

అన్నట్టు, ఆ ఓడిపోయిన బార్క్‌లీనే 2002లో ఖాళీ అయిన సెనేట్ సీటుకు గవర్నర్ వెంచురా కొద్ది వారాల కోసం నియమించాడు.

అపోహ: సర్వేల్లో 20 శాతం ఉంటే గెలుపు దగ్గరున్నట్టే

కాదు. వేసవిలో వచ్చిన అంకె నవంబర్ దాకా నిలవడం అరుదు. ఒరెగాన్‌లో 2022లో బెట్సీ జాన్సన్ దగ్గర డబ్బుకు లోటు లేదు. నైకీ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ ఒక్కడే 37.5 లక్షల డాలర్లు ఇచ్చాడు. ఎన్నిక దగ్గరపడేసరికి ఆయనే రిపబ్లికన్ అభ్యర్థికి పది లక్షలు పంపాడు. అంత పెద్ద దాతే అటు తిరిగాక మామూలు ఓటరు ఏం చేస్తాడు? చివరికి ఆమెకు 9 శాతం లోపే వచ్చింది.

అపోహ: ర్యాంకుల ఓటింగ్ వస్తే అంతా సర్దుకుంటుంది

ఇందులో ఓటరు అభ్యర్థులకు వరుసగా ర్యాంకులిస్తాడు; ఎవరికీ సగం దాటకపోతే అడుగునున్నవారిని తీసేసి, వాళ్ళ ఓట్లను తర్వాతి ర్యాంకుకు మారుస్తారు. లెపేజ్ గెలుపుతో విసిగిన మెయిన్ ఓటర్లు 2016లో ఆ పద్ధతిని తెచ్చుకున్నారు. తీరా చూస్తే గవర్నర్ తుది ఎన్నికకు అది వర్తించదు. అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్టని వాళ్ళ రాజ్యాంగంలో ఉంది, అక్కడి సుప్రీం కోర్టు అదే చెప్పింది. ప్రైమరీలకు, కాంగ్రెస్ ఎన్నికలకు మాత్రం వాడుతున్నారు. అలాస్కాలో గవర్నర్ ఎన్నికకూ వర్తిస్తుంది. 2022లో మాజీ గవర్నర్, ఇండిపెండెంట్ బిల్ వాకర్‌కు 21 శాతం వచ్చింది. ప్రత్యర్థి మొదటి రౌండులోనే సగం దాటేయడంతో రెండో ర్యాంకులు లెక్కపెట్టాల్సిన అవసరమే రాలేదు.

అపోహ: ఓటు లేకపోతేనేం, చందా ఇద్దాం

ఇది మనవాళ్ళు జాగ్రత్తగా చదవాలి. హెచ్1బీ, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు ఏ ఎన్నికకూ, గవర్నర్‌కైనా స్కూల్ బోర్డుకైనా, చందా ఇవ్వకూడదు. ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పనిచేయడానికి వీసా అడ్డు కాదు, కాకపోతే ఖర్చు నిర్ణయాల్లో వేలు పెట్టకూడదు. పిటిషన్ మీద సంతకం ఓటరుగా నమోదైన పౌరులకే. రైతుబజారులోనో లైబ్రరీ బయటో ఎవరైనా ప్యాడ్ చాపితే మొహమాటపడి పెట్టేయకండి. కొన్నిచోట్ల అదే బల్ల మీద ఓటరు నమోదు ఫారాలూ ఉంటాయి. పౌరసత్వం లేకుండా దానిమీద సంతకం పెడితే మీ ఇమిగ్రేషన్ ఫైలుకే ముప్పు. "నేను ఓటర్ని కాను" అంటే చాలు, మా వాళ్ళు ఏమీ అనుకోరు.