వేడి కొవ్వు, పచ్చి ఆకు

కంద బచ్చలి కూరలో ఆవ ఎప్పుడు కలపాలని గోదావరి జిల్లాల్లో వంటలో చేయి తిరిగిన ఎవర్ని అడిగినా ఒకటే చెబుతారు. పొయ్యి కట్టేసి, కూర కాస్త చల్లారాక కలపాలి. ముందే కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుందంటారు. ఎక్కడో అమెరికాలో, పెన్సిల్వేనియాలో తరాల కిందట స్థిరపడిన జర్మన్ కుటుంబాలు పచ్చి ఆకుల మీద పోసుకోడానికి వేడి బేకన్ డ్రెస్సింగ్ అని ఒకటి చేసుకుంటాయి. అందులోనూ కొవ్వు, పులుపు, తీపి ఉంటాయి, చాలా ఇళ్లలో ఆవపొడి కూడా పడుతుంది. అక్కడా కష్టమంతా ఏది ఎంత వేడి మీద కలపాలన్న దగ్గరే వస్తుంది.

బేకన్ అంటే ఉప్పులో ఊరబెట్టి, పొగ పట్టించిన పందిపొట్ట మాంసం. దాన్ని సన్నని పట్టీలుగా కోసి వేయిస్తే కొవ్వు కరిగి మూకుట్లో మిగులుతుంది. ఆ కొవ్వులో వెనిగర్, కాస్త పంచదార, ఆవ కలిపి వేడివేడిగా ఆకుల మీద పోస్తారు. కొన్ని ఇళ్లలో గుడ్డు కూడా గిలక్కొట్టి వేసి చిక్కబరుస్తారు. పెన్సిల్వేనియాలో దీనికి వాడే ఆకు డాండెలయన్, చేదుగా ఉంటుంది. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు ఆ ఆకు తినడం వాళ్లకి ఆనవాయితీ. జర్మనీలో ఇలాంటిదే ఉడికించిన బంగాళాదుంపల మీద పోస్తారు. పంది మాంసం తినని ఇళ్లలో నెయ్యితోనో నువ్వుల నూనెతోనో చేసుకోవచ్చు. పొగ వాసన రాదు కానీ మిగతా సైన్స్ అంతా అదే.

కొవ్వు తీయడంతో మొదలుపెడదాం. బేకన్ ని కాలిన మూకుట్లో వేయకూడదు. చల్లటి మూకుట్లో పరిచి సన్నని సెగ పెట్టాలి. కొవ్వంతా చిన్నచిన్న కణాల్లో ఉంటుంది, వాటి చుట్టూ కొల్లాజెన్ అనే ప్రొటీన్ పొర ఉంటుంది. నెమ్మదిగా వేడెక్కితే పొర వదులై కొవ్వు బయటికి వస్తుంది. సెగ పెద్దది చేస్తే పైన మాడి లోపలి కొవ్వు లోపలే ఉండిపోతుంది. దగ్గరగా చూస్తే మొదట తెల్లని నురగ వస్తుంది, చిటపటలు గట్టిగా వినిపిస్తాయి. అది మాంసంలోని నీరు ఆవిరయ్యే చప్పుడు. ఆ నీరు ఉన్నంతసేపు ముక్క వేడి 100 డిగ్రీలు దాటడానికి మొరాయిస్తుంది. చప్పుడు తగ్గి, నురగ సన్నబడిందంటే నీరు అయిపోవచ్చిందన్నమాట. అప్పుడు వేడి 140 డిగ్రీల పైకి పోయి, ప్రొటీన్లూ చక్కెరలూ కలిసి ఎర్రగా వేగడం మొదలవుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించిన చర్య ఇదే, మన ఉల్లిపాయలు ఎర్రబడటంలోనూ దీని పాత్ర ఉంది. పొగలోని గ్వయకాల్ లాంటి వాసన పదార్థాలు కొవ్వులో బాగా కరుగుతాయి. అందుకే ముక్కలు తీసేశాక కూడా ఆ కొవ్వుకి అంత వాసన. ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేసిన తాలింపు నూనెలో జరిగేదీ అదే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఒక చిన్న లెక్క. గిన్నెలో 150 గ్రాముల ఆకు ఉంది, గది వేడి 30 డిగ్రీలు. మూకుట్లో 30 గ్రాముల కొవ్వు ఉంది, దాని వేడి 120 డిగ్రీలు. పోయగానే ఆకు ఉడికిపోతుందనే అనుకుంటాం. కానీ ఆకులో దాదాపు 90 శాతం నీళ్లే. నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో, అదే బరువున్న కొవ్వుకి అందులో సగం చాలు. తిప్పి చెబితే, కొవ్వు ఎంత కాగినా దాని దగ్గర ఉన్న వేడి నిల్వ తక్కువ. రెండూ బాగా కలిశాక గిన్నె మొత్తం తేలేది 38 డిగ్రీల దగ్గర. మే నెల మధ్యాహ్నం రాజమండ్రి వీధులే అంతకన్నా వేడిగా ఉంటాయి. కొవ్వు చుక్క తగిలిన చోట మాత్రం క్షణకాలం బాగా వేడెక్కి ఆకు కణాల పొరలు చితుకుతాయి, మిగతా ఆకు పచ్చిగానే ఉంటుంది. ఈ వంటకం రుచి ఉన్నదే అక్కడ, సగం వాడి సగం కరకరలాడే ఆకులో.

అదే ఆకుని ఫ్రిజ్ లోంచి తీసి 5 డిగ్రీల చల్లదనంతో వాడితే? లెక్క 16 డిగ్రీల దగ్గర తేలుతుంది. పందికొవ్వు సుమారు 30 నుంచి 45 డిగ్రీల మధ్య కరుగుతుంది. 16 దగ్గర అది తెల్లగా పేరుకుని ఆకులకి, నోటి పైభాగానికి అంటుకుంటుంది. చాలామందికి ఈ డ్రెస్సింగ్ ఒకసారి తినగానే వెగటు పుట్టడానికి కారణం ఇదేనని నా నమ్మకం. నెయ్యితో చేసినా ఈ బాధ తప్పదు, నువ్వుల నూనెతో చేస్తే ఉండదు. ఆకుల్ని ముందే బయట పెట్టుకోవాలి, పళ్లెం కూడా చల్లగా ఉండకూడదు. డెల్టా వాతావరణం ఈ విషయంలో మనకి కలిసొచ్చింది. ఒక్క ధనుర్మాసం తెల్లవారుజామున తప్ప మన వంటింట్లో ఆకు అంత చల్లగా ఉండటం అరుదు.

పులుపు కలిపితే లెక్క ఇంకాస్త మారుతుంది. ఆ కొవ్వుకి 30 గ్రాముల వెనిగర్ కలిపి, గది వేడిలో ఉన్న ఆకు మీద 80 డిగ్రీల దగ్గర పోసినా గిన్నె 42 డిగ్రీలకి చేరుతుంది. వెనిగర్ లో ఉన్న నీరు మోసుకొచ్చే వేడి ఎక్కువ కాబట్టి. అయితే వెనిగర్ ని మరీ కాగిన కొవ్వులో పోస్తే ప్రమాదం. చుక్క నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుంది, కొవ్వుని ముఖం మీదికి చిమ్ముతుంది. మూకుడు దించి, రెండు నిమిషాలు ఆగి, పక్కకి నిలబడి పోయాలి.

ఏ పులుపు అన్నదీ ముఖ్యమే. వెనిగర్ లోని ఎసిటిక్ ఆమ్లం ఆవిరయ్యే రకం, మరిగించేకొద్దీ ముక్కుకి ఘాటుగా తగిలి పోతుంటుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఎంత మరిగించినా ఎక్కడికీ పోదు, అందుకే పులుసు గంటసేపు కాగినా పులుపు తగ్గదు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లమూ అంతే కానీ నిమ్మ వాసన ఎగిరిపోతుంది. కాబట్టి చింతపండు రసం వాడితే వేడి గురించి టెన్షన్ అక్కర్లేదు. నిమ్మకాయైతే చివర్లో పిండాలి. నాకు మాత్రం ఈ డ్రెస్సింగ్ కి పల్చటి చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క బాగా కుదురుతాయి. పొగ వాసన పక్కన వెనిగర్ కాస్త దూకుడుగా అనిపిస్తుంది.

ఇక ఆవ. ఒకే గింజకి రెండు స్వభావాలు. తాలింపులో వేసిన ఆవగింజ లోపలి తేమ ఆవిరై పేలుతుంది, కమ్మటి వాసన వస్తుంది, ఘాటు మాత్రం ఉండదు. రోట్లో నీళ్లు చల్లి నూరిన ఆవ ముక్కుకెక్కుతుంది. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక చోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరో చోట విడివిడిగా ఉంటాయి. నూరినప్పుడు రెండూ నీళ్లలో కలుసుకుంటాయి, అప్పుడు ఆలైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ముక్కులో మంట దానిదే. ఎంజైమ్ ప్రొటీన్ కాబట్టి వేడికి చచ్చిపోతుంది. అప్పటికే పుట్టిన ఘాటు కూడా వేడికి ఆవిరైపోతుంది. అందుకని నూరిన ఆవని చల్లటి నీళ్లతో కలిపి పది నిమిషాలు ఉంచి, డ్రెస్సింగ్ చేయి పెట్టగలిగేంత వేడికి దిగాక కలపాలి.

ఆవకి ఇంకో పనీ ఉంది. నూనె, నీరు కలవవు. కవ్వంతో గిలక్కొడితే నూనె సన్నని బొట్లుగా విడిపోతుంది కానీ ఆ బొట్లు మళ్లీ ఒకదాన్నొకటి వెతుక్కుని పెద్దవై పైకి తేలతాయి. ఆవపిండిలోని ప్రొటీన్లు, పొట్టులోని జిగురు ఆ బొట్ల చుట్టూ చేరి అవి కలవకుండా అడ్డుపడతాయి. బొట్లు ఎంత చిన్నవైతే అంత ఎక్కువసేపు నిలబడతాయి. వేడి మీద అన్నీ పల్చబడతాయి కాబట్టి వేడి డ్రెస్సింగ్ త్వరగా విడిపోతుంది. చేసిన వెంటనే పోయాలనడానికి అదొక కారణం.

రెండో కారణం ఆకు రంగు. ఆకుపచ్చకి మూలమైన పత్రహరితం అణువు మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. పులుపు, వేడి రెండూ కలిస్తే అది ఊడిపోయి రంగు మట్టిపచ్చకి తిరుగుతుంది. గోంగూర మూకుట్లో పడగానే ఎలా గోధుమరంగుకి మారుతుందో చూసే ఉంటారు, దాని పులుపు దానిలోనే ఉంది. పాలకూర అంత త్వరగా మారదు. ఇంకో సంగతి, ఆకు వాడిపోవడానికి పులుపు కన్నా కొవ్వుదే ఎక్కువ బాధ్యత. ఆకు పైన మైనం పొర నీటిని జారవిడుస్తుంది, నూనె మాత్రం ఆ పొరలోంచి లోపలికి పాకుతుంది.

మన వైపు ఏ ఆకు బాగుంటుంది? లేత మెంతికూర, లేత బచ్చలి, సన్నగా తరిగిన క్యాబేజీ. మెంతికూర చేదుని బేకన్ ఉప్పు అణుస్తుంది, సోడియం నాలుక మీద చేదుని తగ్గిస్తుందని ప్రయోగాల్లో తేలింది. బచ్చలి జిగురు డ్రెస్సింగ్ విడిపోకుండా కాస్త సాయం చేస్తుంది. పచ్చి దోసకాయ ముక్కల మీద వేడి తాలింపు పెట్టే అలవాటు మనకి ఎలాగూ ఉంది, దానికీ ఇది నప్పుతుంది. కొవ్వు రుచి కోసమే కాదు. 2004లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు సలాడ్ ని నూనె లేకుండా, 6 గ్రాముల నూనెతో, 28 గ్రాముల నూనెతో పెట్టి చూశారు. నూనె లేనప్పుడు కెరొటిన్లు, అంటే ఒంట్లో విటమిన్ ఎ తయారీకి పనికొచ్చే రంగు పదార్థాలు, రక్తంలోకి దాదాపుగా చేరలేదు.

బేకన్ ఎంత తినాలన్నదాని మీద మొహమాటం లేకుండా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది. రోజూ 50 గ్రాములు తినేవాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు తిననివాళ్లతో పోలిస్తే సుమారు 18 శాతం ఎక్కువని అంచనా వేసింది. అందుకని పెద్ద గిన్నెడు కూరగాయలకి వాసన కోసం రెండు పట్టీలు, అదీ ఎప్పుడో ఒకసారి. ఉప్పు దానిలోనే బోలెడు ఉంటుంది, రుచి చూడకుండా ఇంకా వేయొద్దు.

దుంపలతో చేసేటప్పుడు వరస మారుతుంది. కంద గానీ చిలగడదుంప గానీ ఉడికించి, ముక్కలు వేడిగా ఉండగానే ముందు చింతపండు రసం చల్లాలి, అది లోపలికి ఇంకుతుంది. కొవ్వు ముందు పోస్తే ముక్క చుట్టూ పొర కట్టి పులుపుని లోపలికి దిగనివ్వదు. కందని పూర్తిగా ఉడకనివ్వాలి, అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదులు గొంతు దురద పెడతాయి. రసం ఇంకాక కొవ్వు, ఆ తర్వాత ఆవ. వేయించిన బేకన్ ముక్కల్ని మాత్రం మూత గట్టిగా పట్టే డబ్బాలో విడిగా ఉంచి వడ్డించేటప్పుడే చల్లుకోవాలి. మన గాలిలో తేమ ఎక్కువ, పళ్లెంలో వదిలేస్తే కాసేపటికే మెత్తబడతాయి.