వంద గ్రాముల మెంతులు క్యాప్సూల్‌లోకి ఎలా దూరాయి?

పరగడుపు షుగర్ 100–125 మధ్యనో, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 5.7–6.4 మధ్యనో ఉంటే "బోర్డర్‌లో ఉంది" అంటాం. అలాంటివారి లిపిడ్ (రక్తంలో కొవ్వుల) రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఎక్కువగా, మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ తక్కువగా కనిపించడం మామూలే. చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ కూడా పెరిగితే డాక్టరు దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తారు. ఆ మాత్రతో షుగర్ వస్తుందని విని చాలామంది అక్కడే వెనకాడతారు. విన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. స్టాటిన్లతో కొత్తగా మధుమేహం వచ్చే అవకాశం 9 శాతం పెరుగుతుందని 2010లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ విషయాన్ని లేబుల్‌పైకి ఎక్కించింది. అదే విశ్లేషణలో ఇంకో అంకె ఉంది, అది మాత్రం ప్రచారంలోకి రాలేదు: 255 మంది నాలుగేళ్లు వాడితే అదనంగా మధుమేహం వచ్చేది ఒక్కరికి. 9 శాతం విని బెదిరి మెంతి క్యాప్సూళ్లు కొనేవాళ్లున్నారు.

మెంతులకు షుగర్‌ను, కొలెస్టరాల్‌ను తగ్గిస్తాయన్న పేరు ఊరికే రాలేదు. దాని వెనక హైదరాబాదే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆర్.డి. శర్మ, టి.సి. రఘురాం, ఎన్.ఎస్. రావు 1990లో ప్రచురించిన అధ్యయనంలో టైప్-1 రోగులకు నూనె తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు, రెండు పూటలా భోజనంలో కలిపి పది రోజులు పెట్టారు. షుగర్‌తో పాటు మొత్తం కొలెస్టరాల్, ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. హెచ్‌డీఎల్ కదల్లేదు. ఫలితం బాగుంది గానీ పూటకు యాభై గ్రాముల మెంతిపిండి ఎవరు తింటారు? 1996లో వచ్చిన అధ్యయనంలో మోతాదు 25 గ్రాములకు దిగింది. 24 వారాల పాటు టైప్-2 రోగులకు ఇచ్చారు.

బోర్డర్ షుగర్ వాళ్లకు నేరుగా పనికొచ్చే పరిశోధన 2015లో వచ్చింది, అదీ హైదరాబాద్ నుంచే. ప్రీడయాబెటిస్ (బోర్డర్ షుగర్) ఉన్న 66 మందికి భోజనానికి ముందు 5 గ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు మెంతిపొడి ఇచ్చి, ఇవ్వని 74 మందితో మూడేళ్లు పోల్చారు. పొడి తీసుకోనివారికి మధుమేహం వచ్చే అవకాశం 4.2 రెట్లు ఎక్కువని తేలింది. తీసుకున్నవారిలో ఎల్‌డీఎల్ కూడా తగ్గింది. చిన్న అధ్యయనమే, దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం. మోతాదు మాత్రం గుర్తుపెట్టుకోవాలి: రోజుకు 10 గ్రాములు.

ఎందుకంటే మెంతిగింజలో దాదాపు సగం పీచే. అందులోని గాలక్టోమన్నన్ అనే జిగురు పీచు నీళ్లు పీల్చుకుని పేగులో చిక్కటి జావలా మారుతుంది. దాంతో తిన్న పిండిపదార్థం చక్కెరగా రక్తంలో చేరడం నెమ్మదిస్తుంది. పైత్యరసంలోని ఆమ్లాలు ఆ జిగురులో చిక్కి మలంతో బయటికి పోతాయి. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఇసబ్‌గోల్ పనిచేసేదీ ఇలాగే. 1998లో ఎఫ్‌డీఏ దానికి గుండె ఆరోగ్యం పేరు చెప్పుకునే అనుమతి ఇచ్చినప్పుడు, రోజుకు కరిగే పీచు 7 గ్రాములు అందాలని షరతు పెట్టింది. ఇదంతా గ్రాముల లెక్క. 500 మిల్లీగ్రాముల మెంతి క్యాప్సూళ్లతో 10 గ్రాములు అందాలంటే రోజుకు 20 మింగాలి. డబ్బా మీద రాసేది ఒకటో రెండో. "ఎక్స్‌ట్రాక్ట్" (గింజల నుంచి తీసిన సారం) అయితే పీచు చాలావరకు పోయి వేరే పదార్థమే మిగలొచ్చు, పొడి మీద వచ్చిన ఫలితాన్ని దానికి అంటగట్టడం కుదరదు.

నియాసిన్‌ది దీనికి సరిగ్గా ఎదురు కథ. ఒంటికి రోజుకు 14–16 మిల్లీగ్రాములు చాలిన ఈ విటమిన్ గ్రాముల్లో ఇస్తే కొలెస్టరాల్ తగ్గుతుందని 1955లో కెనడాలో కనుగొన్నారు. 2014లో పాతిక వేల మందికి పైగా పాల్గొన్న హెచ్‌పీఎస్2-థ్రైవ్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చేసరికి, స్టాటిన్‌కు తోడుగా ఇచ్చిన నియాసిన్ గుండెకు అదనపు మేలేమీ చేయలేదని, పైగా కొత్త మధుమేహ కేసులు పెరిగాయని తేలింది. షుగర్ అంచున ఉన్నవారు అసలు ముట్టుకోకూడని సప్లిమెంట్ ఇది.

ఇక రెడ్ ఈస్ట్ రైస్, అంటే మొనాస్కస్ అనే బూజుతో పులియబెట్టిన ఎర్ర బియ్యం. స్టాటిన్ వద్దనుకున్నవారు ఇది తీసుకోవడం వింతే. అందులో పనిచేసే మొనకోలిన్-కెని 1979లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో మొనాస్కస్ బూజు నుంచి వేరుచేశారు. 1987లో మందుగా అనుమతి పొందిన లోవాస్టాటిన్ కూడా అదే అణువు. తేడా ఏమిటంటే మాత్రలో ఎంతుందో తెలుస్తుంది, సప్లిమెంట్‌లో డబ్బాకో తీరు. సిట్రినిన్ అనే బూజు విషం కలిస్తే మూత్రపిండాలకు చేటు. యూరప్ 2022లో రోజువారీ మొనకోలిన్లను 3 మిల్లీగ్రాముల లోపుకు కట్టడి చేసింది. అదే ఏడాది అమెరికాలో రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ 5 మిల్లీగ్రాములను చేపనూనె, దాల్చిన చెక్క, వెల్లుల్లి, పసుపు, ప్లాంట్ స్టెరాల్స్ (మొక్కల్లోని కొలెస్టరాల్ లాంటి పదార్థాలు), రెడ్ ఈస్ట్ రైస్‌లతో 28 రోజులు పోల్చి చూశారు. స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం తగ్గింది. మిగతా ఆరూ ఉత్తుత్తి మాత్రను మించలేదు.

మెంతులే వాడదలిస్తే పొడిగా వాడాలి. రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు తాగి గింజలు పారేస్తే పీచులో ఎక్కువ భాగం వాటితోనే పోతుంది. మొదటి వారం అర టీస్పూనుతో మొదలుపెట్టి మెల్లగా పెంచకపోతే కడుపుబ్బరం, విరేచనాలు తప్పవు. ప్రతిసారీ గ్లాసు నిండా నీళ్లు తాగాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మందు వాడేవారికి షుగర్ మరీ పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు, గర్భిణులు మందు మోతాదులో తీసుకోకూడదు. వేరుశనగ, శనగ పడనివారికి మెంతులూ పడకపోవచ్చు. మొదలుపెట్టే ముందు ఒకసారి, 12 వారాలకు మరోసారి అదే ల్యాబ్‌లో లిపిడ్ పరీక్ష చేయించాలి. ఎల్‌డీఎల్ 190 దాటినవారు, ఇప్పటికే గుండెజబ్బు ఉన్నవారు ఆ 12 వారాలు స్టాటిన్ ఆపి చూడకూడదు.