ఫ్లాట్‌లో సబ్‌వూఫర్: షోరూమ్‌లో చెప్పేవి, గదిలో జరిగేవి

హైదరాబాద్‌లో హోమ్ థియేటర్లు బిగించడం నా పని. ఎక్కువగా వెళ్లేది మియాపూర్, కొండాపూర్, నిజాంపేట వైపు రెండు, మూడు బెడ్‌రూముల ఫ్లాట్లకే. సబ్‌వూఫర్ అంటే బాస్‌ని, అంటే అట్టడుగు మోతల్ని, పలికించే పెద్ద డబ్బా స్పీకర్; మేం సబ్ అంటాం. దాన్ని కొనేముందు అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని ఇంచుల వూఫర్ తీసుకోమంటారు?" కొన్నాక కొన్ని వారాలకు మళ్లీ ఫోన్: "కింది ఫ్లాట్ వాళ్లు గొడవ చేస్తున్నారండీ, ఏం చేద్దాం?" చాలా ఇళ్లలో ఈ రెండో ఫోన్‌కి కారణం సబ్ పెద్దదవడం కాదు. గదిలో ఏదో ఒక్క స్వరం అదుపు తప్పి గుయ్యిమని మోగుతుంటుంది. మీ సినిమాలో డైలాగ్ మింగేసేదీ అదే, కింది ఇంట్లో నిద్ర చెడగొట్టేదీ అదే. దాన్ని పట్టించుకోకుండా చెప్పే సలహాలు చాలా తిరుగుతున్నాయి. నాకు రోజూ ఎదురయ్యేవి కొన్ని చూద్దాం.

అపోహ: ఫ్లాట్‌కి 8 అంగుళాలు చాలు, 12 పెడితే అసోసియేషన్ నుంచి నోటీసు వస్తుంది

గోడ దాటి వెళ్లేది అంగుళాలు కాదు, శబ్దం. ఒకే మోత వచ్చేలా రెండు సబ్‌లనూ సెట్ చేస్తే పక్కింటికి చేరేదీ దాదాపు ఒకటే. తేడా ఎక్కడొస్తుందంటే, 40 హెర్ట్జ్ (స్వరాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ లోతు) దగ్గర వచ్చే మోతే 20 హెర్ట్జ్ దగ్గరా కావాలంటే కోన్ (వూఫర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే భాగం) నాలుగు రెట్లు ఎక్కువ గాలిని తొయ్యాలి. 8 అంగుళాల కోన్‌కి అంత శక్తి ఉండదు. 25 హెర్ట్జ్ పేలుడు సీన్ వచ్చినప్పుడు అది కిందామీదా పడి, అసలు స్వరానికి బదులు 50, 75 హెర్ట్జ్ దగ్గర వక్రీకరణ పుట్టిస్తుంది. మన చెవి 25 కంటే 50 హెర్ట్జ్‌ని చాలా తేలిగ్గా పట్టేస్తుంది. పైగా మన గదులు సొంతంగా మోగేదీ ఆ చుట్టుపక్కలే. అంటే చిన్న సబ్‌ని పిండితే మీకు లోతు రాదు, కింది వాళ్లకు దబదబ మాత్రం తప్పదు.

అందుకని అందరూ పెద్దదే కొనాలని కాదు. తలుపు మూసుకునే 10 బై 12 బెడ్‌రూమ్‌కి మంచి సీల్డ్ (పూర్తిగా మూసిన డబ్బా) 10 లేదా 12 అంగుళాలది సరిపోతుంది. హాల్, డైనింగ్, ఓపెన్ కిచెన్ అన్నీ కలిసిపోయిన చోట మాత్రం సబ్ నింపాల్సింది సోఫా ముందున్న జాగాని కాదు, ఫ్రిజ్ దాకా ఉన్న గాలి మొత్తాన్ని. అక్కడ 12 అంగుళాల పోర్టెడ్ (గాలి పోవడానికి పోర్ట్ అనే రంధ్రం ఉన్న డబ్బా) అడగడం అత్యాశేమీ కాదు. కొన్నాక గెయిన్ నాబ్ (సబ్ మోతను పెంచే, తగ్గించే బటన్) మీద చెయ్యి ఆగదనుకుంటే మాత్రం చిన్నదే తీసుకోండి, నిజాయతీగా చెబుతున్నా.

అపోహ: వాట్లు ఎక్కువుంటే బాస్ ఎక్కువ

డబ్బా మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ వాట్లు) అంకెను చూడనట్టే వదిలేయండి. దానికి ఒక ప్రమాణమంటూ లేదు. ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి, చూడాలి. అదీ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. అంతకంటే ముఖ్యం, ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ తేడాతో ఎన్ని హెర్ట్జ్ దాకా దిగుతుందో రాశారా అన్నది. అది రాయని కంపెనీ దాచిపెట్టడానికి ఏదో ఉన్నట్టే.

అపోహ: సీల్డ్ పాటలకు, పోర్టెడ్ సినిమాలకు

ఇందులో కొంత నిజముంది. పోర్టెడ్ తన ట్యూనింగ్ (పోర్ట్ సాయం చేసే స్వరం) దాకా గట్టిగా పలికి, ఆ కింద ఆక్టేవ్‌కి (హెర్ట్జ్ సగమయ్యే ప్రతి మెట్టుకి) 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. సీల్డ్ కాస్త ముందే తగ్గడం మొదలుపెట్టినా ఆక్టేవ్‌కి 12 చొప్పున మెల్లగా జారుతుంది. మూసిన చిన్న గది అట్టడుగు బాస్‌కి తనవంతు కొంత బలం ఇస్తుంది కాబట్టి సీల్డ్‌కి అది కలిసొస్తుంది. ఎస్‌వీఎస్ కంపెనీ 1000 ప్రో శ్రేణిలో రెండు రకాలకూ అదే 12 అంగుళాలు, అదే 325 వాట్ల ఆర్‌ఎంఎస్. పోర్టెడ్ డబ్బా మాత్రం బాగా పెద్దది. చాలా ఇళ్లలో ఈ చర్చను తేల్చేది ధ్వనిశాస్త్రం కాదు, "ఇంత పెద్దది హాల్లోనా?" అని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న.

అపోహ: బాస్‌కి దిక్కు ఉండదు, ఎక్కడ పెట్టినా ఒకటే

మొదటి సగం దాదాపు నిజం. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. రెండో సగమే కొంప ముంచుతుంది.

గదికి తనదైన స్వరాలుంటాయి. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని అడుగుల్లో తీసుకుని, దాని రెట్టింపుతో 1130ని భాగించండి. 12 అడుగులకు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56, 20 అడుగుల హాల్‌కి 28. ఆ స్వరం పాటలోనో సీన్లోనో రాగానే గోడల దగ్గర రెట్టింపై మోగుతుంది, గది మధ్యలో దాదాపు మాయమవుతుంది. అందుకే సోఫాలో కూర్చున్నాయన "బాస్ రావట్లేదు" అంటాడు, వెనక గోడకి ఆనుకున్న దివాన్ మీద ఉన్న పెద్దావిడ "గుండెలదురుతున్నాయి, ఆపరా" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదైతే రెండు స్వరాలూ ఒకేచోట పడి ఇంకా ముదురుతుంది. మన బెడ్‌రూముల్లో ఇది మామూలే.

సోఫాలో కూర్చున్నాయన చాలట్లేదని గెయిన్ పెంచుతాడు. ఆయన సీటు దగ్గర లోటు అలాగే ఉంటుంది, గోడల దగ్గర ఉన్న మోత ఇంకా పెరుగుతుంది. గోడ అవతల ఎవరో ఒకరి మంచం ఉంటుంది. గొడవ మొదలయ్యేది ఇక్కడే.

విరుగుడు పాతదే, ఖర్చు లేనిది. సబ్‌ని తాత్కాలికంగా మీరు కూర్చునే చోట పెట్టి, బాస్ నడక బాగా ఉన్న పాట ఒకటి వేసి, గది అంచుల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఏ చోట ప్రతి స్వరమూ సమానంగా, శుభ్రంగా వినిపిస్తే సబ్ ఉండాల్సింది అక్కడ. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. కొలిచి చూడాలనుకుంటే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితం, యూమిక్-1 లాంటి మైకు ఒకటి కొనుక్కుంటే చాలు.

మూలలో పెడితే మోత పెరుగుతుంది, దాంతోపాటే గది స్వరాలన్నీ లేస్తాయి. ఫ్లాట్లలో నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది సోఫా పక్కన, లేదా వెనక, చెవికి దగ్గరగా పెట్టడం. దగ్గరగా ఉంటుంది కాబట్టి గెయిన్ బాగా తగ్గించినా మీకు నిండుగానే వినిపిస్తుంది, గదిలోకి వెళ్లే మొత్తం శబ్దం తగ్గుతుంది. పక్క ఫ్లాట్‌తో కలిసి ఉన్న గోడకి మాత్రం ఆనించకండి.

ఇంకో మాట. టీవీ యూనిట్ చేయించేటప్పుడు సబ్‌కోసం ప్లైవుడ్ గూడు పెట్టించేస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది. లోపల పోర్ట్‌కి ఊపిరాడదు, ప్లైవుడ్ తనూ పాడడం మొదలుపెడుతుంది. కార్పెంటర్ వచ్చేలోపే మాకో ఫోన్ చేస్తే బాగుండు అనిపిస్తుంది.

అపోహ: కింద ప్యాడ్, గోడలకు ఫోమ్ పెడితే బయటికి వినిపించదు

ఈ ఒక్క నమ్మకం మీద జనం తగలేసినంత డబ్బు ఇంకెందులోనూ తగలేసి ఉండరు.

50 హెర్ట్జ్ అల పొడవు సుమారు 6.9 మీటర్లు. దాన్ని బాగా పీల్చాలంటే పదార్థం మందం అందులో నాలుగో వంతుకి దగ్గరగా, అంటే 1.7 మీటర్లు ఉండాలి. రెండంగుళాల ఫోమ్, కోడిగుడ్ల అట్టలు దాని దారికి అడ్డం కూడా రావు. చప్పట్ల ప్రతిధ్వని తగ్గుతుంది, గది "స్టూడియోలా" అనిపిస్తుంది, కింది ఫ్లాట్‌లో తేడా సున్నా. శబ్దాన్ని పీల్చడం వేరు, ఆపడం వేరు. ఆపాలంటే బరువు కావాలి. గోడ బరువు రెట్టింపైతే దక్కేది 6 డెసిబెల్స్, స్వరం ఒక ఆక్టేవ్ దిగితే ఆ 6 పోతాయి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాటల్ని బాగానే ఆపి బాస్‌ని ఎందుకు వదిలేస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ప్యాడ్ విషయానికొస్తే, డబ్బా వణుకు నేలలోకి దిగకుండా అది కొంత ఆపుతుంది. చెక్క నేలల ఇళ్లలో మంచి ఫలితమే ఇస్తుంది. అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు దాన్ని పొగిడేది అందుకే. మన ఆర్‌సీసీ స్లాబ్ మీద కథ వేరు. ఎక్కువ భాగం డబ్బా కాళ్ల నుంచి కాదు, గాలి ఒత్తిడి నేరుగా స్లాబ్‌ని, గోడల్ని ఊపడం వల్ల వెళుతుంది. టైల్ మీద కటకట ఆగడానికి ప్యాడ్ వేసుకోండి, తప్పులేదు. కింది వాళ్ల కోసం వేశానని మాత్రం అనుకోకండి.

గదిలో గలగలలు వేరే సంగతి. షోకేస్ అద్దాలు, బీరువా తలుపు, అటక మీద స్టీలు సామాను, పూజగది తలుపుకున్న చిన్న గంటలు, జిప్సం సీలింగ్‌లో వదులైన లైటు, ఇవన్నీ సబ్‌తో పాటు పాడతాయి. "సబ్ పోయింది, సౌండ్ పగిలిపోతోంది" అని పిలిచిన ఇళ్లలో చాలాసార్లు నేను తీసింది గంటల్నే.

అపోహ: ఫోన్ యాప్‌లో 45 డెసిబెల్సే చూపిస్తోంది, అంటే చట్టప్రకారం నేను కరెక్టే

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 అని ఉన్న మాట నిజమే. కానీ అవి డీబీ(ఏ) అంకెలు. ఆ "ఏ" కొలత మామూలు మోతల దగ్గర చెవి వినే తీరుని అనుసరించి బాస్‌ని బాగా తగ్గించి లెక్కేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 30 డెసిబెల్స్. అంటే అసలు 75 డెసిబెల్స్ ఉన్న 50 హెర్ట్జ్ హోరు మీటర్లో 45గా కనిపిస్తుంది. నిశ్శబ్దంలో ఆ స్వరం వినబడడానికి 44 చాలు. అంటే అంతకు 30 పైన మోగుతోందన్నమాట. అవతల పడుకున్న మనిషికి మీ యాప్ చూపిస్తే కోపం రాక ఏమొస్తుంది? కొలవాలనుకుంటే మీటర్‌ని, బాస్‌ని అంతగా తగ్గించని "సీ" కొలతకు మార్చండి.

ఇందులోనే మీకు పనికొచ్చే విషయం కూడా ఒకటుంది. అట్టడుగు స్వరాల దగ్గర చెవికి "అస్సలు వినపడదు", "గట్టిగా ఉంది" అనే రెండింటి మధ్య ఎడం చాలా తక్కువ. అందుకే సబ్ ఒక్కదాన్నే 5, 6 డెసిబెల్స్ తగ్గించినా గోడ అవతల అది ఊహించనంత తగ్గినట్టు అనిపిస్తుంది. సినిమా మొత్తం వాల్యూమ్ తగ్గించి డైలాగులకోసం చెవులు రిక్కించక్కర్లేదు.

అపోహ: రెండు సబ్‌లు పెడితే గొడవ రెండింతలు

సరిగ్గా సెట్ చేస్తే తగ్గుతుంది. హార్మన్ ఆడియో కంపెనీలో టాడ్ వెల్టీ చేసిన పరిశోధన చూపించింది ఇదే: ఎదురెదురు గోడల మధ్యన రెండు సబ్‌లు పెడితే గది స్వరాలు కొన్ని ఒకదాన్నొకటి చంపుకుంటాయి, అన్ని సీట్లకూ బాస్ దగ్గరదగ్గరగా అందుతుంది. ఒక సీటుకోసం అందరి మీదా మోత పెంచే పని తప్పుతుంది. ఒక పెద్ద సబ్ బడ్జెట్‌లో రెండు చిన్నవి వస్తాయనుకుంటే, నాలుగు సీట్లున్న గదికి నా ఓటు రెండింటికే. ఒక్కరే చూస్తారంటే ఒక్కటి చాలు.

అపోహ: రిసీవర్‌లో ఆటో సెటప్ చేశాం, ఇంక చూసుకోనక్కర్లేదు

రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ డబ్బాలో) ఉండే ఆడిసీ, డిరాక్ లాంటి ఆటో సెటప్ ప్రోగ్రాములు గది స్వరం ఎత్తుగా లేచిన చోట కోసేస్తాయి, బాగానే కోస్తాయి. గొయ్యి పడిన చోట మాత్రం పూడ్చలేవు. ఎంత శక్తి పోసినా ఆ స్వరం తనను తానే రద్దు చేసుకుంటుంది. అందుకే చోటు ముందు, ఆటో సెటప్ తర్వాత.

అయ్యాక ఇవి చూడండి. స్పీకర్లన్నీ "స్మాల్", క్రాసోవర్ (ఏ స్వరం కింద బాస్ సబ్‌కి వెళ్లాలో చెప్పే అంకె) 80. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్ చివరిదాకా తిప్పి వదిలేయాలి, లేదంటే రెండుసార్లు కోత పడుతుంది. ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాలోని ప్రత్యేక బాస్ ట్రాక్) ఫిల్టర్ 120. "ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్" వద్దు. ఆడిసీ ఉంటే డైనమిక్ ఈక్యూ సంగతి గుర్తుంచుకోండి: వాల్యూమ్ తగ్గించే కొద్దీ అది బాస్‌ని పైకి లాగుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది, రాత్రి పదిన్నరకి కింది వాళ్లకు ఉండదు. పైస్థాయి డెనాన్, మరాంట్జ్ మోడళ్లలో లో ఫ్రీక్వెన్సీ కంటైన్‌మెంట్ అనే ఆప్షన్ ఉంటుంది. గోడలు దాటే అట్టడుగు బాస్‌ని తగ్గించి, అది ఉన్నట్టే చెవికి అనిపించేలా చేస్తుంది. సరిగ్గా ఫ్లాట్ల కోసమే పెట్టినది, మెనూలో ఎవరూ తెరిచి చూడరు.

అపోహ: హమ్ వస్తుంటే ఎర్త్ పిన్ తీసేస్తే సరి

వద్దు. ప్రాణం మీదికి వస్తుంది. ఆ గుమ్మనే శబ్దం చాలాసార్లు కేబుల్ టీవీ లేదా డిష్ వైరు వల్ల ఏర్పడే ఎర్త్ లూప్. ఆ వైరు ఒక్కసారి పీకి చూడండి. హమ్ ఆగితే దానికి ఐసొలేటర్ పెట్టించాలి. సబ్, రిసీవర్ ఒకే ప్లగ్ బోర్డు నుంచి తీసుకోవడం కూడా చాలాచోట్ల పనిచేస్తుంది.

అపోహ: పొరుగువాళ్లతో మనమే ప్రస్తావిస్తే లేనిపోనిది గుర్తుచేసినట్టు

కొత్త సబ్ పెట్టిన వారంలోనే, పగటిపూట, కింది ఫ్లాట్ తలుపు తట్టమని చెబుతాను. "ఆంటీ, కొత్తగా సౌండ్ సిస్టమ్ పెట్టుకున్నాం, మీకెంత వినిపిస్తోందో ఒక్క ఐదు నిమిషాలు చూసుకుంటాం" అంటే కాదనేవాళ్లు తక్కువ. పైన ఇంట్లో ఒకరు బాస్ ఎక్కువున్న సీన్ తిప్పుతూ ఉండాలి, మీరు వాళ్ల బెడ్‌రూమ్‌లో నిలబడి ఫోన్లో "ఇంకొంచెం తగ్గించు" అంటూ పోవాలి. ఫ్యాన్ ఆపి వినండి, పగటి రొద రాత్రికి ఉండదు. ఎక్కడ వినిపించడం ఆగిందో ఆ సబ్ లెవెల్, ఆ వాల్యూమ్ అంకె రాసుకుని, రిసీవర్‌లో ప్రీసెట్‌గానో సబ్ యాప్‌లో నైట్ మోడ్‌గానో దాచండి. మీరు లేనప్పుడు రిమోట్ పిల్లల చేతిలో ఉంటుందనుకుంటే సెటప్ మెనూలో గరిష్ఠ వాల్యూమ్ పరిమితి కూడా పెట్టేయండి.