పురుగుల గోలీకి లొంగని మోషన్లు: నీళ్లతో వచ్చే పరాన్నజీవులపై అపోహలు - వాస్తవాలు

"మేడమ్, మూడు నెలల సంది పిలగానికి మోషన్లే. పురుగుల గోలీ రెండుసార్లు ఏసిన. తగ్గుతలేదు."

ఒక వానాకాలం మధ్యాహ్నం నాలుగేళ్ల కొడుకును చంకనేసుకుని ఒక తల్లి మా ల్యాబుకు వచ్చి చెప్పిన మాటలివి. పిల్లవాడి చేతులు సన్నబడి, పొట్ట ఉబ్బి ఉంది. మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలేలా, భరించలేని వాసనతో ఉంది. రక్తం లేదు, జ్వరం లేదు. మొదటి శాంపిల్లో ఏమీ దొరకలేదు. రెండో దాంట్లోనూ లేదు. మూడోది వేడి ఆరకముందే స్లైడు మీద సెలైన్ చుక్కలో కలిపి చూశాను. జామకాయను నిలువునా కోసినట్టున్న ఆకారం, రెండు కళ్లలా రెండు కేంద్రకాలు, ఎండుటాకు గాల్లో దొర్లుకుంటూ రాలినట్టు కదలిక. జియార్డియా.

నేను మైక్రోబయాలజిస్టుని. హైదరాబాదులో ఇన్నేళ్లుగా మలం శాంపిళ్లు చూస్తున్నాను. ఆ తల్లి చేసినవాటిలో నిర్లక్ష్యం ఒక్కటీ లేదు. అందరూ చెప్పిందే చేసింది. ఆ చెప్పినవాటిలోనే తప్పుంది. మన జాగ్రత్తలన్నీ బ్యాక్టీరియా కోసమో, ఏలికపాముల కోసమో ఏర్పడ్డవి. జియార్డియా, క్రిప్టోస్పోరిడియం (పొట్టిగా క్రిప్టో), అమీబా, సైక్లోస్పోరా ఆ రెండు జాతులకూ చెందవు. ఇవి ఒకే కణం ఉన్న పరాన్నజీవులు. గట్టి పెంకు కప్పుకుని, సిస్టు రూపంలో నీళ్లలో రోజుల తరబడి, వారాల తరబడి బతుకుతాయి.

అపోహ: పురుగుల మందు వేశాం కదా, ఇక పొట్టలో ఏమీ ఉండదు.

బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చేది ఆల్బెండజోల్. 2015 నుంచి ఏటా ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు వేస్తున్నారు. ఏలికపాములు, కొంకిపురుగులకు అది మంచి మందు. దయచేసి మానొద్దు. కానీ ఆ ఒక్క మాత్ర జియార్డియాకు చికిత్స కాదు, అమీబాకూ క్రిప్టోకూ అసలే కాదు. ఏలికపాము కంటికి కనబడుతుంది. జియార్డియా సిస్టు 8 నుంచి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), క్రిప్టోది 4 నుంచి 6. "మలంలో పురుగులేం పడలేదు మేడమ్" అని చెబుతుంటారు. ఇవి ఎంత వెతికినా కంటికి కనబడేవి కావు.

అపోహ: నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన కూడా లేదు.

గ్లాసులో పది సిస్టులుంటే జియార్డియా సోకడానికి చాలు. జబ్బు పడిన మనిషి మలంలో అవి కోట్లలో బయటికి వస్తాయి. పది సిస్టులు నీటి రంగునూ మార్చవు, రుచినీ మార్చవు.

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఈ ఊరి దాహం తీర్చాయి. ఇప్పుడు మంజీర, సింగూరుతో పాటు కృష్ణా, గోదావరి నీళ్లు కూడా వంద కిలోమీటర్లకు పైగా దాటి వస్తున్నాయి. అక్కడ వడపోత, క్లోరిన్ రెండూ జరుగుతాయి. నా భయం ఆ తర్వాతి దారి గురించి. హైదరాబాదులో నల్లా అంటే కుళాయి, నాలా అంటే మురికికాల్వ. పాత గల్లీల్లో ఆ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. నీళ్లు వచ్చే రెండు గంటలూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి పగుళ్లలోంచి నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు చుట్టూ మట్టిలో నానుతున్న డ్రైనేజీ నీళ్లు అదే పగులులోంచి లోపలికి వస్తాయి. నల్లా లైనుకు నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్చుడు ఇంకా బలంగా ఉంటుంది. మోటారు మన ఇంట్లోదే అయినా దాని ఫలితం గల్లీ అంతా అనుభవిస్తుంది.

అందుకని నల్లా తిప్పగానే వచ్చే మొదటి నీళ్లను బిందెలో పట్టకండి, బయటికి వదిలేయండి. సంపు మూత గట్టిగా ఉందా, వానాకాలంలో వాకిట్లో నిలిచిన నీళ్లు అందులోకి దిగుతున్నాయా చూసుకోండి. ఒకే గల్లీలో నాలుగైదు ఇళ్లలో ఒకేసారి మోషన్లు మొదలైతే అందరూ కలిసి నగర నీటి సరఫరా బోర్డు అయిన జలమండలికి ఫిర్యాదు చేయండి. ఎవరింట్లో వాళ్లు మందులు తెచ్చుకుని ఊరుకుంటే పైపు అలాగే ఉంటుంది.

అపోహ: క్లోరిన్ కలిపారు కాబట్టి అన్నీ చచ్చిపోతాయి.

కలరా, టైఫాయిడ్ బ్యాక్టీరియాను క్లోరిన్ చంపుతుంది. అది లేకపోతే మన నగరాల్లో ఇంకా ఎంతమంది పోయేవారో. జియార్డియా మీద పని చేయాలంటే దానికి ఎక్కువసేపు కావాలి. క్రిప్టో మీద దాదాపు పని చేయదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి వదిలిన నల్లా నీళ్లతోనే సుమారు 4 లక్షల 3 వేల మందికి క్రిప్టో జబ్బు చేసిందని అంచనా. అక్కడ వడపోత సరిగా జరగలేదు, మిగిలిన క్రిప్టోను క్లోరిన్ ఆపలేకపోయింది. సరిగ్గా క్లోరిన్ వేసిన ఈతకొలనులో కూడా అది వారం పైగా బతుకుతుంది. కాబట్టి క్రిప్టో వచ్చిన పిల్లలను మోషన్లు తగ్గాక కూడా రెండు వారాలు స్విమ్మింగ్‌కు పంపొద్దు. ఈ మాట చెబితే ఎండాకాలం సెలవుల్లో తల్లిదండ్రులకు కోపం వస్తుంది. అయినా చెబుతాను.

అపోహ: కాచిన నీళ్లే తాగుతున్నాం.

నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. మరగకాచడం కంటే నమ్మదగిన ఉపాయం ఇంట్లో మరొకటి లేదు. బుడగలు తెర్లుతూ ఒక్క నిమిషం మరిగితే చాలు, ఈ పరాన్నజీవులన్నీ చస్తాయి. ఇరవై నిమిషాలు గ్యాస్ కాల్చనక్కర్లేదు. కానీ "కాచిన నీళ్లు" అని చెప్పినవాళ్లను ఎలా కాస్తారో అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. కొందరు వేలు పెట్టగలిగేంత వేడి చేసి దించేస్తారు. కొందరు బాగా మరిగిస్తారు గానీ, పిల్లవాడు తాగేందుకు గోరువెచ్చగా ఉండాలని అందులో సగం గ్లాసు నల్లా నీళ్లు కలుపుతారు. కాచిందంతా ఆ సగం గ్లాసుతో పోయింది. కాచిన గిన్నెలోనే మూత పెట్టి చల్లారనివ్వండి. కాడ ఉన్న గరిటెతో తీసుకోండి, చెంబు ముంచొద్దు. పళ్లు తోమించేటప్పుడు నోట్లో పోసే నీళ్లూ, పాలపొడి కలిపే నీళ్లూ కూడా కాచినవే కావాలి.

ఫ్రిజ్ సంగతి: గడ్డకట్టిస్తే క్రిములు చస్తాయనుకోవద్దు. చెరకు రసంలో వేసే ఐసు ఏ నీళ్లతో చేశారో అదే నీళ్లు.

ఆర్వో పొర ఈ సిస్టులను ఆపగలదు. యూవీ దీపం పని చేస్తున్నంతకాలం జియార్డియాను, క్రిప్టోను రెండింటినీ దెబ్బతీస్తుంది. పొర చిరిగితే, దీపం పాతబడితే ఆ భరోసా పోతుంది. సర్వీసు తేదీ మిషను మీదే రాసిపెట్టుకోండి. ఇక ఇరవై లీటర్ల క్యాను. దాన్ని మినరల్ వాటర్ అంటాం గానీ చాలావరకు బోరు నీళ్లనే ఆర్వో చేసి నింపుతారు. సీలు, దాని మీద ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 14543 అనే అంకె ఉన్నాయో లేదో చూడండి. అవి లేని క్యాను నీళ్లు నా ఇంట్లో అయితే మళ్లీ కాస్తాను.

అపోహ: నిన్న సాయంత్రం తిన్న పానీపూరీ వల్లే.

గంటల్లో వాంతులు, మోషన్లు పట్టుకుంటే ఆ అనుమానం నిజం కావచ్చు. జియార్డియా మాత్రం లోపలికి పోయిన వారం, రెండు వారాలకు బయటపడుతుంది. క్రిప్టోకు కూడా దాదాపు వారం. ఎక్కడ తాగారో గుర్తు చేసుకోవాలంటే నిన్నటిని కాదు, పోయిన వారం వెళ్లిన పెళ్లినీ, ఊరి ప్రయాణాన్నీ తలుచుకోవాలి.

అపోహ: మెడికల్ షాపులో అడిగితే మోషన్ల గోలీ ఇస్తారు, దానికి పరీక్షలెందుకు?

ఆ ఒక్క గోలీలో తరచూ రెండు మందులుంటాయి: ఒకటి బ్యాక్టీరియాకు, ఒకటి అమీబాకు. చిన్నపిల్లల మోషన్లలో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే, వాటికి ఆ రెండూ అక్కర్లేదు. జియార్డియాకు టినిడజోల్ లాంటివి పని చేస్తాయి. క్రిప్టోకు అవి పని చేయవు, నిటజాక్సనైడ్ కావాలి. సైక్లోస్పోరాకు కోట్రైమాక్సజోల్. అమీబాలో పేగు గోడను తినే రూపానికి ఒక మందు, మిగిలిపోయిన సిస్టులను తుడిచేయడానికి ఆ తర్వాత ఇంకో మందు. ఏది ఎవరికి, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. రెండు గోలీలు మింగి మర్నాడు శాంపిల్ తెస్తే స్లైడు మీద నాకేమీ కనబడదు, జబ్బు లోపల ఉండిపోతుంది. మలంలో రక్తం, జ్వరం ఉన్నప్పుడు మోషన్లు ఆపే మాత్ర వేసుకోవడం ప్రమాదం కూడా.

అపోహ: ఒకసారి మలపరీక్ష చేయించాం, నార్మల్ అని వచ్చింది.

సిస్టులు రోజూ ఒకేలా బయటపడవు. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు అడుగుతాం. ఆ బాబు విషయంలో రెండో రోజే ఆపేసి ఉంటే జియార్డియా దొరికేది కాదు. నీళ్లలా ఉన్న మలాన్ని అరగంటలోపు చూడాలి, కదిలే రూపం ఆ తర్వాత చచ్చి గుర్తుపట్టలేనట్టు అవుతుంది. మూత్రం, కమోడు నీళ్లు కలవకూడదు. పాత ఊరగాయ సీసాలో తేవొద్దు, ల్యాబులో ఇచ్చే డబ్బా తీసుకోండి.

క్రిప్టో మామూలు పరీక్షలో తప్పించుకుంటుంది. దానికి మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్ అనే ప్రత్యేక రంగు వేయాలి. అప్పుడు నీలం నేల మీద కుంకుమ చుక్కల్లా కనబడతాయి. ఎవరూ రాయకపోతే ఆ రంగు వేయరు. హెచ్ఐవీ ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు మోషన్లతో వస్తే ఈ పరీక్ష రాయించుకోవాలి. ఆరోగ్యవంతుల్లో దానంతటదే తగ్గే క్రిప్టో వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది.

రిపోర్టులో అమీబా సిస్టులు అని ఉన్నంత మాత్రాన గాభరా కూడా వద్దు. జబ్బు చేసే ఎంటమీబా హిస్టోలిటికా, ఏ హానీ చేయని ఎంటమీబా డిస్పార్ మైక్రోస్కోపు కింద కవల పిల్లల్లా ఉంటాయి. ఎర్రరక్తకణాలను మింగిన అమీబా కనబడితే అది జబ్బే. లేకపోతే యాంటిజెన్ పరీక్షో, పీసీఆరో తేల్చాలి. అయితే జ్వరంతో పాటు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే ఆలస్యం చేయొద్దు. అమీబా వల్ల కాలేయంలో చీము గడ్డ కట్టిన చాలామందికి ఆ సమయంలో మోషన్లు ఉండనే ఉండవు.

అపోహ: శానిటైజర్ రాస్తున్నాం.

క్రిప్టోను అది చంపదు. సబ్బు, పారే నీళ్లు కావాలి. డైపర్ మార్చాక, వంటకు ముందు తప్పనిసరి.

అపోహ: మోషన్లప్పుడు పిల్లలకు తిండి, నీళ్లు ఆపాలి.

ఆపకూడదు. తల్లిపాలు మానొద్దు. లీటరుకు సరిపడే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. చెంచాడు పొడి గ్లాసులో వేసి కలిపితే పాళ్లు తప్పుతాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. ఓఆర్ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్మేవారు. మన హైదరాబాదు పిల్లల డాక్టరు ఒకామె ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. దుకాణంలో పాత సరుకు ఉండొచ్చు, చూసి కొనండి.

అపోహ: మందు వాడినా మళ్లీ మోషన్లు వచ్చాయి, అంటే జబ్బు పోలేదు.

ఆ బాబు తల్లి మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. "మంచిగైండు అనుకున్న మేడమ్, మల్ల షురువైనయి." మళ్లీ మూడు శాంపిళ్లు చూశాను, మూడూ శుభ్రం. ఏం తినిపిస్తున్నావమ్మా అని అడిగితే, సన్నబడ్డాడని రోజుకు మూడు గ్లాసుల పాలు పోస్తున్నానంది. జియార్డియా చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ తయారయ్యేది అక్కడే. అది మళ్లీ పుంజుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు పాలు తాగితే ఉబ్బరం, మోషన్లు. పిల్లల డాక్టరు మళ్లీ మందు రాయలేదు. కొన్నాళ్లు పాలు తగ్గించి, పెరుగన్నం, పప్పన్నం, గుడ్డు పెట్టమన్నారు. నెల తర్వాత ఆమె తమ్ముడి రిపోర్టు కోసం వచ్చినప్పుడు బాబు వెంట ఉన్నాడు. చంకన కాదు, మెట్లు తనే ఎక్కి వచ్చాడు.