ఎల్గిన్ ఇంటి అప్పు

ఏథెన్స్‌లోని ప్రాచీన ఆలయం పార్థినాన్ నుంచి తెచ్చి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పెట్టిన శిల్పాలను తిరిగివ్వమని గ్రీసు అడిగినప్పుడల్లా ఎల్గిన్ పేరు బయటికొస్తుంది. 2023 నవంబరులో బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ ఈ తగాదా మీదే గ్రీసు ప్రధాని మిత్సొటాకిస్‌తో భేటీ రద్దు చేసుకున్నారు. ఎల్గిన్ అనేది ఒక మనిషి పేరు కాదు, తండ్రి తర్వాత కొడుక్కి దక్కే ‘ఎర్ల్’ అనే ప్రభువుల బిరుదు. ఆ ఇంటి మూడు తరాలను వరసగా చూస్తే ఒకరు చేసిన పని ఇంకొకరి జీవితాన్ని ఎటు తిప్పిందో తెలుస్తుంది.

స్కాట్లండ్‌లో డన్‌ఫర్మ్‌లిన్ దగ్గరి బ్రూమ్‌హాల్ వీళ్ల నివాసం. ఇంటిపేరు బ్రూస్. రాబర్ట్ బ్రూస్ రాజు వంశీకులుగా పేరుంది. అయిదో ఎర్ల్ చార్లెస్ తన భూముల్లోని సున్నపురాయితో వ్యాపారం చేయడానికి చార్ల్స్‌టౌన్ అనే ఊరే కట్టించాడు.

అతని కొడుకు థామస్, ఏడో ఎర్ల్, 1799లో, అప్పట్లో గ్రీసును ఏలుతున్న ఒట్టోమన్ (తుర్కీ) సామ్రాజ్యానికి బ్రిటిష్ రాయబారిగా వెళ్లాడు. బ్రూమ్‌హాల్‌ను కడుతున్న వాస్తుశిల్పి సలహా మీద గ్రీకు శిల్పాలకు బొమ్మలు గీయించి, అచ్చులు తీయించాలనుకున్నాడు. 1801లో సుల్తాను ప్రభుత్వం నుంచి అనుమతి పత్రం వచ్చింది. దాని ఇటాలియన్ అనువాదమే ఇప్పుడు మిగిలింది. అందులో శిల్పాలు ఊడదీయమని స్పష్టంగా ఉందా అన్నదే నేటికీ తెగని పేచీ. నా మట్టుకు పత్రంలో మాట కన్నా రాతిపై పడ్డ రంపం గట్టి సాక్ష్యం. మోయడానికి తేలిక కావాలని, అతని మనుషులు శిల్పఫలకాల వెనకవైపు రాతిని రంపాలతో కోసేశారు. పక్కనున్న ఎరెక్థియాన్ ఆలయంలో కప్పును తల మీద మోస్తున్న ఆరుగురు స్త్రీమూర్తుల్లో ఒకరిని తీసేసి, ఆ స్థానంలో ఇటుక స్తంభం నిలిపారు.

శిల్పాలతో బయల్దేరిన మెంటర్ అనే ఓడ 1802లో కిథిరా దీవి దగ్గర మునిగింది. స్పాంజీలు ఏరే ఈతగాళ్లను దింపి పెట్టెలు పైకి తీయించారు. తనకు డెబ్భై నాలుగు వేల పౌండ్లకు పైగా ఖర్చయిందని ఎల్గిన్ లెక్క చూపితే, 1816లో బ్రిటిష్ పార్లమెంటు వాటిని కొని ఇచ్చింది 35,000. చివరికి అప్పులవాళ్లకు దూరంగా ఫ్రాన్స్‌లో తలదాచుకుని, 1841లో పారిస్‌లో కన్నుమూశాడు.

ఆ అప్పు కొడుకు జేమ్స్ మెడకు చుట్టుకుంది. జీతమొచ్చే కొలువు తప్పనిసరైంది. ముందు జమైకాకు, తర్వాత కెనడాకు గవర్నరు. అక్కడ ప్రజాప్రతినిధుల మాటకు కట్టుబడి 1849లో ఒక బిల్లుకు ఆమోదం తెలిపినందుకు మాంట్రియల్‌లో అల్లరిమూక అతని బండి మీద కోడిగుడ్లు విసిరింది, పార్లమెంటు భవనాన్ని తగలబెట్టింది. అయినా అతను వెనక్కి తగ్గలేదు. ఆ నిబ్బరానికి గౌరవం కలుగుతుంది. 1857లో చైనాకు పంపితే, కాంటన్‌పై దాడికి ముందు, జీవితంలో ఇంత సిగ్గుపడలేదని రాసుకున్నాడు. అదే మనిషి 1860 అక్టోబరులో, బందీలుగా చిక్కిన తమవాళ్లను చైనావాళ్లు చంపారన్న కోపంతో, బీజింగ్ దగ్గరి యువాన్‌మింగ్‌యువాన్ వేసవి ప్రాసాదాన్ని కాల్చేయమన్నాడు. సిగ్గు తెలిసినవాడు ఆ ఆజ్ఞ ఇచ్చాడన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చైనా ఆ గాయాన్ని నేటికీ మరవలేదు.

1862లో భారత వైస్రాయ్ అయ్యాడు. మరుసటి ఏడాది హిమాలయాల్లో ఊగే తాళ్ల వంతెన దాటాక గుండె దెబ్బతిని ధర్మశాలలో మరణించాడు. సమాధి అక్కడి చర్చి ఆవరణలోనే ఉంది.

గుడ్లు పడ్డ ఏడాదే మాంట్రియల్‌లో పుట్టిన అతని కొడుకు విక్టర్ 1894 నుంచి 1899 దాకా వైస్రాయ్. 1896-97 కరవు అతని హయాంలోదే. దేశంలో లక్షల ప్రాణాలు పోయాయి. మన రాయలసీమ కూడా ఆ ఆకలి చూసింది.

ఇక రాళ్ల సంగతి. వాటిని తిరిగివ్వకుండా 1963 నాటి చట్టం బ్రిటిష్ మ్యూజియం చేతులు కట్టేసిందంటారు. చట్టం చేసిన పార్లమెంటే దాన్ని మార్చగలదు. ఏథెన్స్‌లో 2009లో తెరిచిన ఆక్రొపొలిస్ మ్యూజియంలో కాలంతో రంగు మారిన అసలు పలకల పక్కనే, లండన్‌లో ఉన్నవాటికి బదులుగా తెల్లటి అచ్చులు పెట్టారు. అయిదుగురు స్త్రీమూర్తులు నిలబడి ఉన్నారు. ఆరో ఆవిడ చోటును ఖాళీగా ఉంచారు.