పేదలకు సాయం దండగేనా? సంఘాల పనిలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

మహిళా సంఘాలతో పని చేసేవాళ్లకు ఊళ్లలో కంటే చుట్టాల పెళ్లిళ్లలోనే ఎక్కువ ప్రశ్నలు ఎదురవుతాయి. అక్కడ మా అక్క భర్త నాకు పర్మనెంట్ ప్రతిపక్షం. సంగారెడ్డి వైపు తొమ్మిదెకరాల రైతు, లెక్క తెలిసిన మనిషి. "మీరు చేసేదంతా పుణ్యమే గానీ ఫాయిదా లేదమ్మా" అనేది ఆయన వాదన. బావగారి మాటలు చాలామంది మనసులో ఉన్నవే కాబట్టి వాటికే ఇక్కడ జవాబు రాస్తున్నా. ఆయన చెప్పేవన్నీ తప్పులు కావు, ఆ సంగతీ రాస్తా.

అపోహ: చేతికి డబ్బిస్తే కల్లు దుకాణానికే పోతుంది

తాగేవాళ్లు ఉన్నారు, లేరనను. కానీ డబ్బు అందినందువల్ల తాగుడు పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. ప్రపంచ బ్యాంకుకు చెందిన డేవిడ్ ఇవాన్స్, అన్నా పపోవా 2014లో పలు దేశాల నగదు బదిలీ పథకాల అధ్యయనాలన్నీ కూర్చి చూశారు. మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా దాదాపుగా కనిపించలేదు. మా సంఘాల్లో చూసినా అప్పు చేతికొచ్చాక మొదట తీరేది పాత బాకీ, తర్వాత పిల్లల ఫీజు, ఆ తర్వాత ఆసుపత్రి.

ఇంకో మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించింది ఉద్యోగస్తులు కాదు, కూలి చేసుకునే ఆడవాళ్లు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ జిల్లా మహిళలే తర్వాత పొదుపు ఉద్యమానికీ దారి వేశారు. పేదలకు తాగుడు సంగతి మనం చెప్పాల్సిన అవసరం లేదు.

అపోహ: ఉచితాలిస్తే పని మానేస్తారు, ఉపాధి హామీ వచ్చాక కూలీలే దొరకడం లేదు

బావగారికి అన్నిటికంటే కోపం తెప్పించే విషయం ఇదే. నాట్ల టైమ్‌లో మనుషులు దొరక్క ఆయన పడే టెన్షన్ నాకు తెలుసు.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. 2010 నుంచి 2012 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాలు, 157 మండలాల్లో పెద్ద అధ్యయనం జరిగింది. వేలిముద్రలతో కూలి చెల్లించే స్మార్ట్ కార్డులు ముందు ఏ మండలాలకు, తర్వాత ఏ మండలాలకు అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. కార్డులు ముందు వచ్చిన చోట కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో మింగేది తగ్గింది. పేద కుటుంబాల రాబడి పెరిగింది. విచిత్రం ఏమిటంటే, ఆ పెరిగిన దాంట్లో ఎక్కువ భాగం పథకం డబ్బు కాదు, బయట పనుల్లో వచ్చిన కూలి. బయట పనికి పోవడం తగ్గలేదు, కూలి రేటు పెరిగింది. చెరువు పనికి పోతే డబ్బు కచ్చితంగా వస్తుందన్న ధీమా ఉన్నప్పుడు, ఎంతిస్తే అంతకు పోవాల్సిన ఖర్మ ఉండదు.

కాబట్టి "కూలీలు దొరకడం లేదు" అనే మాటలో చాలాసార్లు "పాత రేటుకు దొరకడం లేదు" అనే అర్థం దాగి ఉంటుంది. రైతుకు అది నిజంగానే కష్టం. మద్దతు ధర సరిగా అందని రైతు మీద కూలి భారం పడితే ఎలా అన్నది న్యాయమైన ప్రశ్న. కానీ ఆ భారానికి సోమరితనం అని పేరు పెట్టకూడదు.

నేను బావగారిని తిరిగి అడిగేది ఒకటే. 2018లో రైతుబంధు వచ్చింది. ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు, ఎన్నెకరాలున్నా పరిమితి లేదు. భూమి పట్టా ఉన్నవాళ్లకు ఇచ్చారు, కౌలుకు చేసేవాళ్లకు రాలేదు. "ఆ డబ్బు తీసుకుని మీరు వ్యవసాయం మానేశారా బావా?" అంటే, "అది పెట్టుబడి సాయం, అది వేరు" అంటారు. ఎలా వేరో ఇంతవరకూ చెప్పలేదు.

అపోహ: గేదెలిచ్చినా మేకలిచ్చినా అమ్ముకుతింటారు

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇందులో బావగారి వైపూ సాక్ష్యం ఉంది. అదీ మా పాత మెదక్ జిల్లాలోనే.

బంగ్లాదేశ్‌లో 2002లో ఒక పద్ధతి మొదలైంది. అందరికంటే అడుగున ఉన్న ఇంటిని ఊరివాళ్ల చేతనే గుర్తింపజేసి, ఓ జీవనాధారం (ఎక్కువగా పశువులు) ఇచ్చి, కొన్నాళ్లు తిండికి చిన్న భృతి, శిక్షణ, పొదుపు అలవాటు, దాదాపు రెండేళ్లు వారం వారం ఇంటికొచ్చి చూసే మనిషి. ఇవన్నీ కలిపి ఒక మూట. ఈ పద్ధతిని ఇండియా, పాకిస్తాన్, ఇథియోపియా, ఘనా, హోండురస్, పెరూల్లో పరీక్షించిన ఫలితాలు 2015లో వచ్చాయి. సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా మొత్తం మీద ఆ కుటుంబాల తిండి, రాబడి మెరుగ్గానే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లో అయితే పదేళ్ల తర్వాతా తేడా నిలిచింది. హోండురస్‌లో మాత్రం చాలామంది కోళ్లు తీసుకున్నారు, అవి రోగమొచ్చి చచ్చాయి.

ఇలాంటి పథకమే మెదక్‌లో పెడితే చివరికి నికరంగా ఏమీ మిగల్లేదు. పశువులు తీసుకున్నవాళ్ల పాడి రాబడి పెరిగింది, కూలి రాబడి తగ్గింది. అదే కాలంలో ఇక్కడ కూలి రేట్లు బాగా పెరగడంతో పశువులు రానివాళ్లు కూలికి పోయి వాళ్లతో సమానంగా నిలిచారు. దీన్ని చూసి "సాయం వృథా" అనొచ్చు. నేనైతే ఆ ఊళ్లలో ఆ టైమ్‌లో గేదె అవసరం అంతగా లేదంటాను.

ఒంటరి ఆడమనిషికి గేదె ఇస్తే ఏమవుతుందో ఫైలు రాసేవాళ్లకు తట్టదు. గడ్డి తేవాలి, పొద్దున, సాయంత్రం పాలు పిండాలి, ఆ మధ్యలో కూలికి ఎలా పోతుంది? గేదె వట్టిపోయాక నెలల తరబడి మేత ఖర్చే తప్ప చుక్క పాలుండవు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు, అంటే ఏడాదికి 36 శాతం, నెత్తి మీద ఉన్న మనిషి గేదెను అమ్మి బాకీ కడితే నేను దాన్ని తెలివైన పని అనే రాసుకుంటా. ఆఫీసు రిజిస్టర్లో అది "లబ్ధిదారు ఆస్తిని నిలుపుకోలేదు" అని పడుతుంది.

మేకల సంగతి వేరు. ఇల్లు కదలకుండా ముసలమ్మ కూడా నాలుగు మేకలు చూసుకోగలదు, అవసరానికి ఒకటి అమ్ముకోవచ్చు. అయితే పారుడు రోగం టీకా వేయకపోతే మంద మందే పోతుంది. టీకా వేసే మనిషి టైమ్‌కు ఊళ్లోకి వచ్చాడా అన్నదాని మీద మా సగం పని ఆధారపడి ఉంటుంది.

అపోహ: అప్పు ఇప్పిస్తే చాలు, పేదరికం అదే పోతుంది

ఇది బావగారిది కాదు, మా శాఖ వాళ్లది. హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, అందులో సగం చోట్ల లాటరీతో, పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిపించి చూశారు. కొందరి చిల్లర వ్యాపారాలు కాస్త పెరిగాయి, కొందరు ఇంట్లోకి వస్తువులు కొనుక్కున్నారు. సగటు కుటుంబం నెల ఖర్చులో, పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2010లో ప్రైవేటు సూక్ష్మరుణాల వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం పోయిందంటే, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. వ్యాపారం తెలిసిన ఇంటికి అప్పు పనికొస్తుంది. రేపటి బియ్యానికి వెతుక్కునే ఇంటికి ఇంకో కిస్తీ తెచ్చిపెట్టడం సాయం కాదు.

అపోహ: ఎన్ని చేసినా వాళ్ల బతుకులు అంతే

మధ్యాహ్న భోజనం మీద జోకులు వేసేవాళ్లు ఈ ఒక్కటి చూడాలి. 2001-02 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, పసితనంలో కరువు దెబ్బ తిన్నవాళ్ల ఎదుగుదలను బడి భోజనంతో కలిపి చూశారు. బడిలో తిన్న పిల్లలు ఆ లోటును పూడ్చుకోగలిగారు. పొద్దున ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లకు ఒక పూట అన్నం, గుడ్డు అంటే అదీ.

బావగారితో నేను పూర్తిగా ఏకీభవించే పాయింటు ఒకటుంది. "కాంట్రాక్టరు టోకున కొని లారీలో దింపిన పశువు ఎవరికీ పనికి రాదు, సంతలో పళ్లు చూసి, పొదుగు చూసి కొనుక్కోనివ్వండి" అంటారు. నిజమే, ఎంచుకునే హక్కు తీసుకునే మనిషికే ఉండాలి. మిగతా వాదన ఇంకా తెగలేదు. మొన్న ఆయన కొత్త ప్రశ్న వేశారు: వారం వారం ఇంటికెళ్లి చూసే మనిషి ఉంటేనే పని జరుగుతుందంటున్నావు, మరి మీ మండలంలో ఒక్కో మనిషికి ఎన్ని ఊళ్లు అప్పజెప్పారు? ఈ ఒక్కదానికి నా దగ్గర మంచి జవాబు లేదు. వారానికి కాదు కదా, కొన్ని ఇళ్లకు నెలకు ఒక్కసారి పోవడం కూడా గగనమే అవుతోంది.