చెడ్డ కబురు పై అధికారి దాకా వెళ్తుందా?

ప్రభుత్వ సంస్థలో పై అధికారి చేతిలో ఉన్నది బయటికి కనిపించినంత ఏమీ కాదు. జీతాన్ని పే స్కేలు తేలుస్తుంది, ప్రమోషన్‌ను చాలాచోట్ల సీనియారిటీ తేలుస్తుంది. బాగా చేసినవారికి బోనస్ ఇవ్వడం, చేయనివారిని ఇంటికి పంపడం ఆయన ఒక్కడి వల్ల అయ్యేవి కావు. మిగిలేది ఆయన నడుచుకునే తీరు.

కిందివాళ్లు దాన్ని మూడు వైపుల నుంచి తూకం వేస్తారని మేయర్, డేవిస్, స్కూర్మన్ అనే పరిశోధకులు 1995లో ప్రతిపాదించారు: పని తెలిసినవాడా, మన మేలు కోరేవాడా, మాట మీద నిలబడేవాడా? నన్నడిగితే ఆఫీసుల్లో నమ్మకం ఎక్కువగా చెడేది మూడోదాని దగ్గరే. నోటిమాటతో పని చేయించుకుని, తేడా వచ్చాక ఫైలు మీద సంతకం ఎవరిదని అడిగే అధికారిని ఎవరూ రెండోసారి నమ్మరు. ఇక ప్రతిదానికీ రాతపూర్వక ఉత్తర్వు కావాలంటారు. పని నత్తనడక పడుతుంది.

భయపెడితే పనులవుతాయనేవాళ్లూ ఉన్నారు. అవుతాయి, చూస్తున్నంతసేపు. 1930ల చివర్లో అమెరికాలోని అయోవాలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం పిల్లల క్లబ్బుల మీద ప్రయోగాలు చేసింది. పెత్తనం చేసే నాయకుడు గది దాటగానే పని పడిపోయింది. అందరితో మాట్లాడి నిర్ణయించే నాయకుడు బయటికెళ్లినా పెద్దగా తగ్గలేదు. పిల్లల క్లబ్బును ప్రభుత్వ శాఖతో పోల్చలేం, నిజమే. కానీ శాఖల్లో సిబ్బంది ఎక్కువ భాగం అధికారి కంటికి దూరంగానే పనిచేస్తారు.

దూరంగా ఉన్న అధికారి చూసేది రిపోర్టునే. దాన్ని రాసేది, ఆ రిపోర్టు వల్ల చిక్కుల్లో పడబోయేవాళ్లు. 2000ల తొలినాళ్లలో ఇంగ్లండ్ అంబులెన్సు సర్వీసులకు ఒక లక్ష్యం ఉండేది: ప్రాణాపాయ కాల్స్‌లో 75 శాతానికి 8 నిమిషాల్లోపు చేరాలి. లక్ష్యం తప్పితే పైవాళ్ల ఉద్యోగాలకే ఎసరు. కొన్నిచోట్ల 8 నిమిషాలకు కాస్త ముందు చేరినట్టు నమోదైన కాల్స్ గుట్టలా పేరుకున్నాయి, ఆ గీత దాటగానే ఒక్కసారిగా తగ్గాయి. మెరుగుపడింది బండి వేగం కాదు, రాసిన సమయం.

దీనికి తిరగబడ్డ బొమ్మ ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1996లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. రెండు ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్ల లెక్కలను ఆమె పరిశీలించారు. మంచి నాయకత్వమున్న వార్డుల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే, ఎక్కువ నమోదయ్యాయి! అక్కడ తప్పు జరిగితే నర్సులు దాచడం లేదు, అంతే. కాగితం మీద మాత్రం ఆ వార్డులే అధ్వానంగా కనిపించాయి. అసలు తేడా బయటపడింది, ఏ వార్డు మీద ఏ అంచనా ఉందో తెలియని మరో పరిశోధకుడు అక్కడే ఉండి నర్సుల మాటలు విన్నాక.